మొద్దుబారిన రెండు వేళ్ళు

పోయిన వారం విశ్వాసమ్మను పొయ్యి ముందు వదిలిపెట్టి వచ్చాం. ఉడుకుతున్న జొన్న సంగటి కుండను మసిగుడ్డతో పట్టుకుని దించిందామె. గుడ్డ జారి, కుడిచేతి చిటికెన వేలు కుండకు ఆనుకుని కాలుతూ ఉంది. "అత్తా, నీ వేలు!" అని కోడలు రత్నమణి కేక పెట్టేదాకా ఆమెకు ఆ సంగతి తెలియనే లేదు. చర్మం కమిలిన వాసన వచ్చింది, వేలు బుడగలెత్తింది, నొప్పి మాత్రం రాలేదు. విశ్వాసమ్మ చెయ్యి కొంగులో దాచుకుని గబగబా పెరట్లోకి వెళ్ళిపోయింది. ఎందుకు దాచావని కోడలు అడగలేదు. అడగకుండా లోపలికి పోయి తన ఇనుపపెట్టె సర్దుకుంది.

ఈ వారమే కథ పట్టుకున్నవాళ్ళకు ఇంకో నాలుగు మాటలు చెప్పాలి. బేతంచెర్ల స్టేషను అవతల, మిషన్ పేటలో, నాపరాళ్ళ గోడలు, నాపరాళ్ళ కప్పు ఉన్న ఇల్లు విశ్వాసమ్మది. ఆ రాళ్ళు తవ్వి, చెక్కి, తెచ్చి పరిచిన దావీదురాజు చనిపోయి ఆరేళ్ళయింది. ఒక్కగానొక్క కొడుకు జ్ఞానరాజు పట్టాళంలో చేరి యుద్ధానికి బర్మా పక్కకు వెళ్ళాడు. నెలకొక ఉత్తరం రాసేవాడు. అయిదు నెలలుగా ఆ ఉత్తరం లేదు. అతని భార్య రత్నమణికి ఎనిమిదో నెల. తల్లి లేని పిల్ల కనుక కాన్పు అత్తగారింట్లోనే అనుకున్నారు. ఇక విశ్వాసమ్మ కుడిచేతి చిటికెన వేలు, దాని పక్క వేలు మొద్దుబారి నాలుగు నెలలయింది. ఆ సంగతి ఆమెకు తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలియదు.

రెండు వేళ్ళు మొద్దుబారితే ఏమవుతుందీ, రుద్దుకుంటే పోతుందిలే అని మీరనవచ్చు. మిషన్ పేటలో పుట్టినవాళ్ళు అలా అనరు. ప్రకాశం తాతకు కూడా మొదట చిటికెన వేలే మొద్దుబారింది. ఆయన కూడా చుట్ట నిప్పు వేలికి తగిలినా తెలియక నవ్వుతూ కూర్చున్నాడు. తర్వాత పేట బయట ఆయనకొక కొట్టం వేశారు. ఆ తర్వాత బండిలో కూర్చోబెట్టి ఎక్కడికో దూరపు ఆశ్రమానికి పంపించారు. ఎవరూ తిట్టలేదు, తరమలేదు. ఆయన వాడిన లోటాను మాత్రం ఎవరూ ముట్టలేదు, అది చాన్నాళ్ళు చూరులోనే ఉండిపోయింది. ఆ జబ్బు పేరు పేటలో ఎవరూ ఎత్తరు. పెద్దరోగం అంటారు, అంతే.

అందుకే నాలుగు నెలలుగా విశ్వాసమ్మ పొద్దున లేవగానే తుమ్మముల్లు తీసుకుని వేలికి గుచ్చి చూసుకుంటోంది. రక్తం వస్తోంది, నొప్పి రావడం లేదు. తన కంచం, తన చెంబు వేరు పెట్టుకుంది. కోడలి తలకు నూనె పెట్టడం మానేసింది. పుట్టబోయే బిడ్డకు పాతచీర చింపి బొంతలు కుట్టే పని పక్కింటి భీమక్కకు అప్పగించింది. ఎందుకని అడిగితే కళ్ళు సరిగా కనబడటంలేదని ఒక అబద్ధం చెప్పింది. చూపు శుభ్రంగానే ఉంది.

తెల్లవారింది. రత్నమణి ఇనుపపెట్టె తెచ్చి గడప దగ్గర పెట్టి నిలబడింది.

"యాడికే?" అంది విశ్వాసమ్మ.

"జమ్మలమడుగుకు. మా నాయన దగ్గరికి."

"ఎనిమిదో నెల్లో ఆ బొగ్గుతో నడిచే బస్సు ఎక్కి పోతావా? మతి పోయిందా నీకు?"

"ఈడుంటే ఎవరికి సుఖం అత్తా? నా చేతి నీళ్ళు తాగవు. నా తల ముట్టవు. నేను ఈ పక్క కూచుంటే నువ్వు ఆ పక్కకు జరుగుతావు. బిడ్డ బొంతలు గూడ భీమక్కకిచ్చినావు."

"కండ్లు కనపడటంల్యా అని చెప్పినా గదా."

"నిన్న బియ్యంలో రాళ్ళేరినావు. నేను చూళ్ళేదా?"

విశ్వాసమ్మ పట్టుబడిపోయిన మనిషి ముఖం పెట్టి పొయ్యి వైపు చూసింది. కోడలు ఆగలేదు.

"అది పోనీ. రెండు నెల్లుగా నువ్వు బల్లకు పోలేదు. ఎవరిమీదన్నా కోపం పెట్టుకున్నోళ్ళు బల్లకు పోగూడదని నాకు తెల్దా? పేటంతా తెలుసు. అత్తాకోడళ్ళకు పడటంల్యా, విశ్వాసమ్మ మనసులో ఏదో వుండాది అని బాయికాడ అంటాండారు. నేను నీళ్ళకు పోతే మాటలు ఆపేస్తాండారు. నేను ఏం తప్పు చేసినా? అదొక్కటి చెప్పు. విని పోతా."

విశ్వాసమ్మకు తల కొట్టేసినట్టయింది. పేట గుడిలో నెలకొక ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. అందరికీ ఒకటే గిన్నె. అయ్యగారు గిన్నె అంచు గుడ్డతో తుడుస్తూ వరసగా అందరి నోటికీ అందిస్తాడు. తోటివాళ్ళతో తగువు ఉన్నవాళ్ళు, అది తీర్చుకునేదాకా ముందుకు రాకూడదని ఆ సంఘంలో మొదటినుంచీ ఉన్న కట్టడి. ఎవరైనా వెనక బెంచీలో ఉండిపోయారంటే వాళ్ళకు ఎవరితో చెడిందా అని మిగిలినవాళ్ళు లెక్కలు కట్టడం కూడా మొదటినుంచీ ఉన్నదే. తన నోరు తగిలిన గిన్నె పేట పిల్లల నోటికి తగలకూడదని విశ్వాసమ్మ వెనక కూర్చుంది. అది కోడలి మీదికి తిరుగుతుందన్న ఊహ ఆమెకు కలలో కూడా రాలేదు.

"అయ్యో దేవా," అని గడప మీద కూలబడింది. "కోపం కాదే పిచ్చిదానా. నీమీద నాకేం కోపం?"

"మరి?"

దాచిన చెయ్యి కొంగులోంచి బయటికి తీయడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. బుడగ పగిలిన చిటికెన వేలు, దాని పక్కన తుమ్మముల్లు పోట్లతో చుక్కలు పడ్డ రెండో వేలు.

"ఈ రెండు వేళ్ళకు ఏమీ తెలీటంల్యా. నాలుగు నెల్లాయ. ప్రకాశం తాతకు వచ్చినట్లే వచ్చినాది. పెద్దరోగమేమో అని నా అనుమానం. నీకంటుతాది, కడుపులో బిడ్డకంటుతాది అని దూరం దూరం తిరుగుతాండా. నా కొడుకు బిడ్డను నేను ఎత్తుకుంటానో లేదో... ముట్టుకోగాకు! కడుపుతో వుండావు!"

ఆమె వద్దంటున్నా రత్నమణి వంగలేక వంగి ఆ చెయ్యి రెండు చేతులతో పట్టేసుకుంది. విశ్వాసమ్మ లాక్కోబోయింది. పిల్ల వదల్లేదు.

"ఇంతేనా?" అంది రత్నమణి. అంటూనే ఏడ్చేసింది.

"ఇంతేనా అంటావేమే! ఇంతకంటే ఏముంటాది?"

రత్నమణి ఒకసారి పెట్టె వైపు చూసి కళ్ళు తుడుచుకుంది. "పా, లెయ్యి. నంద్యాల మిషన్ ఆసుపత్రికి పోదాం. పొద్దుటి రైలుంది. పెద్దరోగమో, చిన్నరోగమో వాళ్ళే చెప్తారు." పెట్టె మూత తెరిచి, బట్టల అడుగున చెయ్యి పెట్టి ఏదో తీసి మడిచి రవికెలో దోపుకుంది. రైలు చార్జికి దాచుకున్న దుడ్లేమో అనుకుంది విశ్వాసమ్మ.

రైలు కిటకిటలాడుతోంది. సగం పెట్టెలు పట్టాళంవాళ్ళవే. కడుపుతో ఉన్న పిల్లను చూసి ఒక సిపాయి లేచి చోటిచ్చాడు. ఏ భాషవాడో, ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నంద్యాల చేరేదాకా విశ్వాసమ్మ అతని బూట్లు చూస్తూ కూర్చుంది. కొడుకు రాసిన చివరి ఉత్తరంలో బూట్లు కరుస్తున్నాయని రాశాడు.

ఆసుపత్రి వసారాలో కాంపౌండరు ఏసేపు బల్ల వేసుకుని చీటీలు రాస్తున్నాడు. అతనికి నిదానంగా మాట్లాడటం చేతకాదు.

"పేరు? వూరు? ఏం జబ్బు?"

విశ్వాసమ్మ చుట్టూ చూసింది. ముప్పై మంది కూర్చుని ఉన్నారు.

"ఏమమ్మా, నోరేమన్నా మొద్దుబారిందా?" అన్నాడు ఏసేపు, పాపం తెలియకే అన్నాడు.

"వేళ్ళు నొప్పులని రాయప్పా," అంది రత్నమణి గట్టిగా. "లోపల డాక్టరమ్మకు చెప్తాం."

డాక్టరమ్మ నలభై ఏళ్ళ మనిషి. కళ్ళద్దాల వెనక నిద్ర చాలని కళ్ళు. చెప్పిందంతా విని, భయపడకు అనీ అనలేదు, ఏమీ లేదు అనీ అనలేదు. విశ్వాసమ్మకు అదే నచ్చింది. వీపు, చెవి తమ్మెలు, మోకాళ్ళు వెతికి వెతికి చూసింది. తర్వాత ఒక కోడి ఈక తీసింది.

"కళ్ళు మూసుకో విశ్వాసమ్మా. ఎక్కడ తగిలినా తగిలింది అని చెప్పు. తెలియకపోతే ఊరికే ఉండు. ఊహించి చెప్పొద్దు."

కళ్ళు మూసుకుంది. "తగిలింది... తగిలింది... ఈడ తగిలింది." తర్వాత చాలాసేపు గది నిశ్శబ్దంగా ఉంది. ఈక ఇప్పుడు ఆ రెండు వేళ్ళ మీద తిరుగుతోందని విశ్వాసమ్మకు ఆ నిశ్శబ్దాన్ని బట్టే అర్థమైంది. కళ్ళు తెరిస్తే డాక్టరమ్మ ఆమె వేళ్ళను వదిలేసి మోచెయ్యి పట్టుకుని చూస్తోంది. మోచేతి వెనక లోపలివైపు ఉన్న గుంట దగ్గర వేలితో టకటకమని కొట్టింది.

జివ్వుమంటూ చిటికెన వేలి చివరిదాకా పాకింది. విశ్వాసమ్మ కెవ్వుమంది.

"తెలిసిందా?"

"తెలిసినాదమ్మా! వేలికి తెలిసినాది!"

"పెద్దరోగంలో ఈ నరం తాడులాగా లావెక్కుతుంది. ఇది లావెక్కలేదు. నలిగింది." డాక్టరమ్మ ఆమె రెండు మోచేతులూ వెలుతురుకు తిప్పింది. నల్లగా, మందంగా కాయలు కాచి ఉన్నాయి. కుడిది మరీను. "దేనిమీద ఆనిస్తావు ఈ మోచేతులు? గంటలకొద్దీ ఆనిస్తే తప్ప ఇలా కావు."

"దేనిమీద ఆనిస్తానమ్మా? కూలినాలి చేసుకునేదాన్ని. ఆనుకుని కూచునే తీరిక నాకు యాడిది?"

"ప్రార్థన," అంది రత్నమణి.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"కిటికీ కింద మా మామ వేసిన నాపరాయి అరుగుందమ్మా. బైబిలు పెట్టుకోనీకి. దానిమీద మోచేతులు ఊని, మోకాళ్ళేసి ప్రార్థన చేస్తాది. కిరసనాయిలు కంట్రోలాయె గదా, దీపం గూడ లేకుండా చీకట్లోనే. నేను పడుకుని లేచినా అట్లే వుంటాది."

"ఎన్నాళ్ళనుంచి?"

"ఉత్తరాలు రావటం ఆగినప్పట్నుంచి," అంది విశ్వాసమ్మ మెల్లగా. "మొదుట్లో గంట చేస్తాంటి. వేళ్ళు మొద్దుబారినాక నాకు రోగం రాకుండా చూడు దేవా అని ఇంకో గంట కలిపినా."

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. నవ్వు ఆపుకుంటోందో, మరొకటి ఆపుకుంటోందో చెప్పలేం. "అదీ సంగతి. భయపడి ఇంకో గంట, ఆ గంటకు ఇంకాస్త మొద్దు. నువ్వు వేళ్ళకోసం ప్రార్థన చేసినకొద్దీ వేళ్ళు పోతూ వచ్చాయి."

"మా ఆయన చెక్కిన రాయమ్మా అది," అంది విశ్వాసమ్మ. ఆమెకు నిజంగానే కష్టం వేసింది.

"రాయిని తీసెయ్యమనటంలేదు. ప్రార్థన మానమనీ అనటంలేదు. కూర్చుని చేసుకో, చేతులు ఒళ్ళో పెట్టుకో. మూడు నెలలకో, ఆరు నెలలకో స్పర్శ వస్తుంది. అంతవరకూ వేడి కుండలు ఆ చేత్తో ముట్టొద్దు."

"బిడ్డను?"

"ఏ బిడ్డను?"

"నా కొడుకు బిడ్డను. ఎత్తుకోవచ్చునా?"

"పుట్టిన గంట నుంచీ ఎత్తుకో. ఎవరు వద్దన్నారు?"

విశ్వాసమ్మ లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. డాక్టరమ్మకు దండం పెట్టబోయి ఆ చేతులు చూసుకుని ఏడ్చింది. నాలుగు నెలలు! తన ఇంట్లో తాను పరాయిదానిలా వేరే చెంబుతో నీళ్ళు తాగింది. ఆ పిల్ల తల నూనె లేక రేగిపోయింది. ఆదివారం పూట సంఘం ముందు దోషిలా కూర్చుంది. ఇదంతా రాతిమీద మోచేయి పెట్టినందుకా? ఏడుపులోనే నవ్వొచ్చింది, తన మీద తనకు ఒళ్ళు మండింది కూడాను.

వసారా చివర బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. విశ్వాసమ్మ కుడిచెయ్యి చాపి కోడలి తల నిమిరింది. నాలుగు నెలల తర్వాత మొదటిసారి.

"గడ్డి లాగుందే తల. ఇంటికి పోయి శుభ్రంగా నూనె పెట్టి జడేస్తా. వచ్చే ఆదివారం బల్లకు ఇద్దరం కల్సి పోదాం. బాయికాడి నోర్లన్నీ మూతపడాల."

రత్నమణి తల వంచుకుంది. నిమిరే చెయ్యి కింద ఆ తల వణుకుతోంది.

"ఇంకా ఏడుస్తావేందే? బాగనే వుండాదని చెప్పినాది గదా."

"అత్తా, పొద్దున నేను ఇంతేనా అన్నా గదా."

"అన్నావు."

"నువ్వు దాసిండేది అంతే. నేను దాసిండేది వేరే వుండాది."

రవికెలోంచి తీసింది. దుడ్లు కాదు. పొడుగాటి మట్టిరంగు కవరు, నాలుగు మడతలుగా నలిగి, చెమటకు మెత్తబడి ఉంది. మూల సర్కారు ముద్ర. మధ్యలో ఇంగ్లీషు అచ్చక్షరాల వరస, దాని కింద ఒక అంకె. రత్నమణి మిషన్ బడిలో అయిదు దాకా చదివిన తెలుగు ఆ అక్షరాలకు పనికిరాలేదు. ఆ అంకె మాత్రం ఆమెకు కంఠతా వచ్చు. మొగుడికి ఉత్తరం రాసిన ప్రతిసారీ పేరు పక్కన తన చేత్తో వేసిన పట్టాళం నంబరు అది.

"టపా గోపన్న ఇచ్చి పోయినాడు. ఈ పొద్దుకు ఇరవై రెండు దినాలు. విప్పలేదత్తా. ఎవురికీ చూపీలేదు. అయ్యగారికి చూపిస్తే చదువుతాడు. చదివినాక దాన్ని చదవనట్లు చేసేదానికి కాదు గదా. నీకు చెప్దామనుకున్నా. నువ్వు నా మొగం గూడ చూడకపోతివి. ఎట్ల చెప్పేది? నువ్వు నాతో మాట్లాడేటట్లుంటే ఆ పొద్దే చెప్పేదాన్ని."

విశ్వాసమ్మ కోప్పడలేదు. కోప్పడే ముఖం తనకు లేదని ఆమెకు తెలుసు. కవరు కుడిచేత్తో అందుకుంది. బొటన వేలికి, పక్క రెండు వేళ్ళకు కాగితం గరుకు తెలిసింది. చివరి రెండు వేళ్ళకు తెలియలేదు. ఇరవై రెండు రాత్రులు తాను ఆ రాతిమీద మోచేతులు ఊని కొడుకు కబురు పంపమని దేవుణ్ణి అడిగింది. కబురు ఆ గదిలోనే ఇనుపపెట్టెలో, బట్టల అడుగున ఉంది.

మంచి కబురు ఇంత పొడుగాటి కవరులో వస్తుందా? రాకూడదని ఎక్కడుంది? దెబ్బ తగిలి ఏ ఆసుపత్రిలోనో ఉన్నాడని కూడా ఇలాగే రాస్తారేమో. శత్రువులు పట్టుకుపోయారనీ రాస్తారేమో. ఆమె లేచింది. కోడలి చెయ్యి పట్టుకుని లేపింది.

"టైమైపాయమ్మా. మందు సీటీ ఇచ్చినాం గదా, ఇంకేంది?" అన్నాడు ఏసేపు.

"నా జబ్బు అయిపోయినాదప్పా. ఇంకొకటి చూపీయాల," అని ఆగకుండా లోపలికి వెళ్ళింది.

డాక్టరమ్మ చేతులు కడుక్కుంటోంది. విశ్వాసమ్మ కవరు బల్లమీద పెట్టింది. "పట్టాళం నుంచి వచ్చినాదమ్మా. నా కొడుకుది. మాకు ఇంగ్లీషు రాదు."

డాక్టరమ్మ చేతులు తుడుచుకుంది. కవరు అంచు జాగ్రత్తగా చింపి, లోపలి కాగితం విప్పి నిలబడే చదవసాగింది. చిన్న కాగితమే. ఒకసారి చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. అప్పుడు కుర్చీ జరిపింది, తనకోసం కాదు.

"అమ్మాయిని కూర్చోబెట్టు," అంది విశ్వాసమ్మతో. "ఈ పిల్లకు నెలలెన్ని అన్నావు?"

రత్నమణి కూర్చోలేదు. అత్త చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. తెలిసే వేళ్ళనూ, తెలియని వేళ్ళనూ కలిపి పట్టుకుంది.

విశ్వాసమ్మ కళ్ళు మూసుకుంది.

"ఎనిమిదో నెలమ్మా," అంది. "చదువు. ఇద్దరం వింటాం."